బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల అరలు: గోడకా, కాళ్ల మీదా?

అమెరికాలో ఇల్లు. యుటిలిటీ రూమ్ గోడ బోలు కాంక్రీట్ బ్లాకులది, మంచు కరిగే రోజుల్లో చెమ్మగిల్లుతుంది. 8 అడుగుల పొడవు, 16 అంగుళాల లోతుతో మూడు అరలు చేయాలి: 2×4 (అంగుళాల్లో చెప్పే చెక్క కొలత) ఫ్రేమ్, పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్. 20 పౌండ్ల బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు పెడతాం కాబట్టి మధ్యలో కాలు తప్పనిసరి, లేకపోతే 2×4 వంగిపోతుంది.

పావు అంగుళం కాంక్రీట్ స్క్రూకి 3/16 అంగుళం బిట్‌తో హ్యామర్ డ్రిల్ వాడి, రంధ్రంలో దుమ్ము తీసేయాలని తెలుసు, తీయకపోతే స్క్రూ సగంలోనే బిగుసుకుని తెగుతుంది. కానీ బ్లాకు బోలుచోట పట్టు దొరికేది సుమారు అంగుళంపావే. ఆ పట్టు మీద బరువంతా వేయడం మంచిది కాదనిపిస్తోంది.

కాళ్ల మీద నిలబెట్టి, ముందుకు పడకుండా మాత్రమే గోడకు బిగిస్తే సరిపోతుందా? గోడకు ఎంత ఎడం వదలాలి? నేల డ్రెయిన్ వైపు వాలుగా ఉంది, కాళ్ల కింద ప్రెషర్ ట్రీటెడ్ (చెమ్మకు కుళ్లకుండా మందు పట్టించిన) చెక్క ముక్కలు సరిపోతాయా, ప్లాస్టిక్ షిమ్‌లు (ఎత్తు సరిచేసే పలుచని బిళ్లలు) కూడా వేయాలా? ఎలక్ట్రిక్ ప్యానెల్ ముందు 36 అంగుళాలు ఖాళీ ఉంచాం.