వరద సైరన్ దానంతట అదే మోగాలా, మనిషి నొక్కాలా? (ముడిచ్చూర్, చెన్నై)

అడయార్‌గట్టు:
ముడిచ్చూర్, వరదరాజపురం కాలనీల్లో లోరా మెష్ (ఫోన్ టవర్ లేకుండా చిన్న రేడియోలే ఒకదానికొకటి సందేశం అందించే వల) వేస్తున్నాం. మెష్‌టాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే నోడ్లు (రేడియో పెట్టెలు) ఎనిమిది, వంతెన కింద నీటిమట్టం సెన్సర్ ఒకటి, సైరన్లు మూడు. నీళ్లు ప్రమాద గీత దాటగానే సైరన్ మోగాలి, మనిషి అనుమతి వద్దని నా వాదన. రాత్రి రెండింటికి సంఘం కార్యదర్శిని లేపేలోపు నీళ్లు గుమ్మం ఎక్కేస్తాయి. చెంబరంబాక్కం చెరువు గేట్ల వార్త చూసుకుంటే చాలదా అనకండి. ఆ మిగులు నీరు అడయార్ నదిలో కలిసేది తిరునీర్‌మలై దగ్గర, మనం దానికి ఎగువన ఉన్నాం. మనల్ని ముంచేది ఆదనూరు, మణ్ణివాక్కం వైపు చెరువులు.

కొత్తసభ్యుడు:
2023లో పరీక్షగా అందరి ఫోన్లూ గట్టిగా మోగాయి కదండీ, అది చాలదా?

అడయార్‌గట్టు:
టవర్‌కి కరెంటు ఉన్నంతసేపే అది. 2015 వరదల్లో, 2023 మిచౌంగ్ తుపానులో ఏమైందో గుర్తు చేసుకోండి. పైగా అది పెద్ద ప్రాంతమంతటికీ ఒకే మాట చెబుతుంది, మన వంతెన సంగతి చెప్పదు.

తీగలేనితాంబరం:
ముందు నిబంధన చూడండి. లైసెన్సు అక్కర్లేని 865-867 మెగాహెర్ట్జ్‌లో క్యారియర్ (సిగ్నల్) వెడల్పు 200 కిలోహెర్ట్జ్ అని 2005 నోటిఫికేషన్ చెప్పింది, 2021లో ఆ బ్యాండ్‌ని 868 దాకా పెంచారు. మెష్‌టాస్టిక్‌లో డిఫాల్ట్‌గా వచ్చే లాంగ్‌ఫాస్ట్ అనే సెట్టింగ్ 250 వాడుతుంది. ఇది తేల్చకుండా సైరన్ మాటెందుకు?

అడయార్‌గట్టు:
లాంగ్ మోడరేట్ పెడతాం, 125. సరేనా?

తీగలేనితాంబరం:
అప్పుడు ఒక్కో సందేశం గాల్లో ఎక్కువసేపు ఉంటుంది. ఎనిమిదింటినీ రౌటర్‌గా (వచ్చిన ప్రతి సందేశాన్నీ ముందుకు పంపేదిగా) పెడితే ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. ఎత్తయిన రెండు మేడల్ని రౌటర్ చేసి మిగతావి క్లయింట్‌గా (మామూలు నోడ్‌గా) ఉంచండి. యాంటెన్నా 868ది కొనండి, 915ది కాదు. యాంటెన్నా బిగించకుండా ఆన్ చేస్తే రేడియో కాలిపోవచ్చు.

వెనకవీధి:
రేడియో గొడవ పక్కన పెట్టండి. వంతెన కింద పెట్టే ఆ జేఎస్ఎన్ అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి (శబ్దం తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచేది) ముందు 20 సెంటీమీటర్లు గుడ్డి. పది డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకే, మూడు మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు తప్పు చూపిస్తుంది. సాలెగూడు పడితే అదే నీళ్లనుకుంటుంది. గుర్రపుడెక్క తేలుతూ వచ్చి చేరితే దాని ఆకుల్ని మట్టంగా లెక్కేస్తుంది. ఒక్క సెన్సర్‌ని నమ్మి సైరన్ మోగిస్తే రెండోసారికే జనం తీగ పీకేస్తారు. నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి కింద రంధ్రాలు వేసి, అందులో రెండు ఎత్తుల్లో రెండు ఫ్లోట్ స్విచ్‌లు (నీటితో పాటు తేలి లేచే స్విచ్‌లు) పెట్టండి. కింది ఫ్లోట్ లేస్తే సందేశం. పైది లేచి, సెన్సర్ ఐదు కొలతల నడిమి విలువ కూడా దాటితేనే సైరన్.

అడయార్‌గట్టు:
రెండూ ఒప్పుకోవాలంటే, ఒకటి చెడిపోయిన రోజున అసలు మోగదు. మనుషులు పోతారు.

వెనకవీధి:
చెడిపోయింది మౌనంగా ఉంటే కదా ఆ భయం! పది నిమిషాలకోసారి "బతికున్నా" అనే సందేశం పెట్టండి. రెండుసార్లు రాకపోతే మనిషి వెళ్లి చూడాలి. నోడ్‌లో ఉండే ఈఎస్‌పీ32 చిప్ బోర్డు సుమారు 100 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, 3000 మిల్లీ ఆంపియర్-అవర్ సెల్ మీద 30 గంటలు కూడా కష్టం. తుపానులో మూడు రోజులు ఎండ ఉండదు. ఎన్ఆర్ఎఫ్52 చిప్ బోర్డు దాంట్లో పదో వంతుతో సరిపెడుతుంది.

అడయార్‌గట్టు:
మూడు నెలలుగా మీరు ప్రతిదానికీ అడ్డుపడుతున్నారు. అసలు మీకు కావలసిందేమిటి?

వెనకవీధి:
చెబుతా. సైరన్లు మూడూ గేటున్న అపార్ట్‌మెంట్ల మేడల మీదే. వెనక రేకుల షెడ్లలో ఉన్న మేస్త్రీలకు, కూలీలకు ఆ వానలో వినపడదు. సైరన్ మోగగానే మీరు చేసేదేంటి? సెల్లార్‌లో కార్లు తీయడం, పంపులేసి నీళ్లు వీధిలోకి తోడడం. పోయిన వానల్లో ఓ అపార్ట్‌మెంట్ రాత్రంతా తోడిన నీళ్లు ఆ షెడ్లలోకే పోయాయి. మీకు ముందే తెలిస్తే వాళ్లకు ముందే ముంపు.

అడయార్‌గట్టు:
డబ్బు పెట్టింది ఆ సంఘాలేనండీ. ఛానల్ కీ (సందేశాల రహస్య తాళం) బయటివాళ్లకిస్తే ఎవరైనా దొంగ హెచ్చరిక పంపొచ్చు.

తీగలేనితాంబరం:
డిఫాల్ట్ కీ ఉంచితే ఇప్పుడే పంపొచ్చు, అది ప్రపంచమంతటికీ తెలుసు. ఒక నోడ్‌లో ఎనిమిది ఛానళ్ల దాకా పెట్టుకోవచ్చు. సైరన్‌కి ఒక కీ, మాటలకు వేరే కీ.

వెనకవీధి:
సైరన్ కీ మీరే ఉంచుకోండి. మాటల కీ షెడ్ల తరఫున ఒక మేస్త్రీకి ఇవ్వండి, సందేశం తెలుగులో, హిందీలో కూడా పెట్టండి. మూడో సైరన్‌ని వెనక రేషన్ షాపు మీదికి మార్చండి. 12 వోల్టుల సైరన్, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, కొత్త ఖర్చేమీ లేదు. మారుస్తారా, మార్చరా?

అడయార్‌గట్టు:
ఆదివారం సంఘం మీటింగ్‌లో పెడతాను. ఒప్పుకుంటారని మాటివ్వలేను.

వెనకవీధి:
ఆ మీటింగ్‌కి మేస్త్రీని కూడా పిలవండి.