రెండున్నరేళ్ల పాప ఉన్నట్టుండి ఒక్కతే పండుకోనంటోంది, ఏం చేయాలి?

హన్మకొండ_అమ్ములు
మాది నయీంనగర్ వైపు డబుల్ బెడ్‌రూం. పాప రెండో పుట్టినరోజుకు ముందు నుంచే చిన్న గదిలో తన మంచం మీద పండుకునేది. కథ చెప్పి, జీరో బల్బు వేసి వస్తే చాలు. మొన్న మేడారం జాతరకు పోయి, అటు నుంచి అటే పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో కొన్నాళ్లు ఉండి వచ్చాం. అప్పటి నుంచి ఆ గది గడప దగ్గరికి పోతేనే గుక్కపట్టి ఏడుపు. ఒక చేత్తో నా చున్నీ, ఇంకో చేత్తో తలుపు రెక్క పట్టుకుని “తలుపు వెయ్యకు, అమ్మ పోవద్దు” అంటుంది. పిల్లల డాక్టర్‌కు చూపించాం, చెవులు, గొంతు బాగానే ఉన్నాయన్నారు. మా ఆయనది కాజీపేటలో రైల్వే డ్యూటీ, ఏ రాత్రి ఇంట్లో ఉంటారో చెప్పలేం. మా పక్కలోకి తెచ్చుకుంటే అదే అలవాటవుతుందా? ఏడిస్తే ఏడ్వనీ అని వదిలేయాలా?

జమ్మికుంట_స్వీటీ
దిష్టి తీశారా? జాతరలో ఎందరి కళ్లు పడ్డాయో.

మంథని_సార్
అమ్మా, అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. రెండున్నరేళ్ల పిల్లకు వేరే గది ఎందుకు? మా ఇంట్లో ఎండాకాలం డాబా మీద తాత నుంచి పసిపిల్ల దాకా వరుసగా పండుకునేవాళ్లం. ఎవరికి మెలకువ వచ్చినా పక్కన ఒక చెయ్యి తగిలేది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని చూసినవాణ్ని, ఒక్కరే పండుకోలేదని చెడిపోయినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. పాపను పక్కలో వేసుకోండి, అయిపోయింది.

సుబేదారి_సుధ
సార్, డాబా ఎక్కడుంది? మా అపార్ట్‌మెంట్‌లో టెర్రస్‌కి తాళం. పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాల్సిన తల్లికి రాత్రంతా పొట్ట మీద కాళ్లు వేసే పిల్లతో నిద్ర ఎలా పడుతుంది?
అమ్ములు, వదిలేయక్కర్లేదు, పక్కలోకీ తెచ్చుకోనక్కర్లేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. మాటల్లేవు, ఆటల్లేవు, చెయ్యి వేసి ఉంచు చాలు. రెండు మూడు రాత్రులకోసారి కుర్చీని గుమ్మం వైపు కొంచెం జరుపు. మా వాడికి అలాగే అలవాటు చేశాను. ఏడిస్తే మనసు దెబ్బతింటుందని భయపెట్టేవాళ్లుంటారు. ఆస్ట్రేలియాలో ఇలా నిద్ర అలవాటు చేసిన పిల్లల్ని ఆరేళ్ల వయసు దాకా గమనించారు. 326 మంది మీద చేసిన ఆ పరిశోధన 2012లో వచ్చింది. మనసుకు గానీ తల్లితో అనుబంధానికి గానీ నష్టం కనిపించలేదు.
ఇంతకీ తలుపు ఎందుకు వేస్తున్నావు?

హన్మకొండ_అమ్ములు
హాల్లో టీవీ శబ్దం అక్కా. మామయ్యకు సరిగా వినపడదు, సౌండ్ పెద్దగా పెడతారు.

మంథని_సార్
చూశారా! టీవీ ఆపితే పోయేదానికి పిల్లను గదిలో వేసి తలుపు మూస్తున్నారు. పిల్ల కూడా అదే చెబుతోంది, “తలుపు వెయ్యకు” అని. ఇంకేం కావాలి?

సుబేదారి_సుధ
తలుపు ఇదివరకూ వేసేవాళ్లు, అప్పుడు ఏడవలేదు. ఆ సంగతి మీరు చదవలేదా?

మంథని_సార్
చదివాను. ఇదివరకు ఏడవలేదంటే భయం లేదని కాదు, చెప్పడానికి మాటలు రాలేదని.

హుజూరాబాద్_కిరాణం
సార్, ఇక తలుపు వదిలేయండి 😀

ములుగు_నర్సమ్మ
నేను పిల్లల వార్డులో చేస్తాను. నాలుగు ముక్కలు చెప్తా, కొట్లాడకండి.
ముందు ఒంటి సంగతి. ఈ వయసులోనే వెనక దవడ పళ్లు వస్తాయి, 23 నుంచి 33 నెలల మధ్య. వేలు పెట్టి చిగురు తడిమి చూడు. రాత్రి పూట ముడ్డి దగ్గర గోక్కుంటుంటే నులిపురుగులు అనుకోవాలి, ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర వేశారా? నోరు తెరిచి గురక పెడుతుంటే డాక్టర్‌కు మళ్లీ చెప్పు.
తర్వాత పగటి నిద్ర. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగలు రాత్రి కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సాయంత్రం ఐదు దాకా పండుకున్న పిల్ల తొమ్మిదికి మళ్లీ పండుకోదు, అది మొండితనం కాదు.
పడుకున్న గంటా రెండు గంటలకు కళ్లు తెరిచి అరుస్తూ, నిన్ను గుర్తు పట్టకపోతే అది వేరే. లేపొద్దు, పడిపోకుండా చూసుకుంటే చాలు, పొద్దున దానికి గుర్తుండదు. నువ్వు చెప్పేది అది కాదు. మెలకువగా ఉండి, అమ్మ పోతుందని ఏడుస్తోంది.
సుధగారూ, మీరు చెప్పిన పరిశోధన ఏడెనిమిది నెలల వయసులో నిద్ర అలవాటు చేసిన పిల్లల మీద. మాటలొచ్చి, ఉన్నట్టుండి భయపడ్డ రెండున్నరేళ్ల పిల్లకు దాన్ని అలాగే పెట్టలేం.
అమ్ములు, ఊళ్లో ఎవరి పక్కలో పండుకుంది? దానితో ఎవరైనా ఏమన్నా అన్నారా?

సుబేదారి_సుధ
పరిశోధన సరే. నేను అడిగేది ఒక్కటే, రాత్రి లేచేది ఎవరు? “పక్కలో వేసుకోండి” అని చెప్పే మగవాళ్లలో ఎంతమంది ఒక్క రాత్రి లేచారు? సార్ బిడ్డల కోసం సార్ లేచారా, మా మేడం లేచారా?

మంథని_సార్
నా ఇంటి సంగతి నీకెందుకమ్మా? అడిగావు కాబట్టి చెప్తా. అమెరికాలో నా బిడ్డ ఇంటికి పోయినప్పుడు మనవడు పక్క గదిలో “తాతా, తాతా” అని ఏడుస్తుంటే, తలుపు తీయొద్దు బాపూ అన్నది. కెమెరాలో చూస్తూ కూర్చున్నాం ఇద్దరం. మనవడి ఏడుపు టీవీలో చూసిన తాతను నేను. నాకు కుర్చీలూ పరిశోధనలూ చెప్పకు.

సుబేదారి_సుధ
మీ బాధ మీ బిడ్డతో చెప్పుకోండి, ఈ పాప తల్లి మీద రుద్దకండి.

హన్మకొండ_అమ్ములు
నర్సక్క అడిగింది కాబట్టి చెప్తున్నా. నాకిప్పుడు ఏడో నెల. ఊళ్లో ఉన్నన్ని రోజులూ అత్తమ్మ దాన్ని పక్కలో వేసుకుని “అమ్మకు ఇంకో పాప వస్తది, నువ్వు నా దగ్గరనే ఉండాలె” అని ముద్దుగా చెప్పేది. కాన్పయ్యాక ఆరు నెలలు దాన్ని ఊళ్లో ఉంచుదామని ఆమె మాట. మా ఆయన కాదనలేదు. పాప తన గదిలో తను పండుకుంటే ఇద్దరినీ నేనే చూసుకోగలనని చూపించొచ్చు అనుకున్నా. అందుకే నాకీ తొందర, టెన్షన్.

జమ్మికుంట_స్వీటీ
అయ్యో అక్కా. ముందే చెప్తే ఇంత లొల్లి ఉండేదా.

మంథని_సార్
అత్తమ్మ అన్నదాంట్లో తప్పేముంది? నెలలు నిండిన మనిషికి సాయం చేస్తానంటోంది. ఊళ్లో ఇంటి నిండా మనుషులు, పాప ఒక్కతే పండుకునే బాధే ఉండదు. నానమ్మ పక్క కంటే భద్రమైన చోటు ఏది?

హుజూరాబాద్_కిరాణం
పొద్దున అమ్మ పక్కలోనే పండాలన్నారు, సాయంత్రానికి ఊరికి పంపమంటున్నారు. 🙏

సుబేదారి_సుధ
అమ్ములు, కుర్చీ గిర్చీ అన్నీ పక్కన పెట్టు. ఇవాళే దాన్ని నీ గదిలోకి తెచ్చుకో. మా వాణ్ని ఉద్యోగం కోసమని మూడేళ్లు వచ్చేదాకా మా అత్తగారి దగ్గర ఉంచాం. తిరిగి వచ్చాక నా పక్కలో పండుకోమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కుర్చీ వేసుకుని కూర్చున్నది అందుకే, దగ్గరికి పోతే ఏడ్చేవాడు. సాయం చేసేవాళ్లు నీ ఇంటికి వచ్చి చేయాలి. వంట చేయనీ, బట్టలు ఉతకనీ, పసిగుడ్డుకు నీళ్లు పోయనీ. పెద్ద పిల్లను తీసుకుపోవడం సాయమా?

మంథని_సార్
అంటే నానమ్మ పనిమనిషి. బాగుంది. వండి పెట్టాలి, మనవరాలిని మాత్రం ముట్టొద్దు.

సుబేదారి_సుధ
ముట్టొద్దని ఎవరన్నారు? ఎత్తుకుపోవద్దన్నాను.

ములుగు_నర్సమ్మ
సార్, పాప భయానికి కారణం దొరికాక కూడా మనమే కొట్లాడితే ఎట్లా? చిన్న గదిలో పండుకుంటే పొద్దున్నకి అమ్మ ఉండదేమో అని దాని లెక్క. మనకు ముద్దు మాట, దానికి నిజం.
అమ్ములు, పగటిపూటే చెప్పు, రాత్రి ఏడుస్తున్నప్పుడు కాదు. “పాప వస్తది, నువ్వు కూడా ఇక్కడనే ఉంటవు” అని అవే మాటలు రోజూ. ఇప్పటికి మీ గదిలో కింద దాని పరుపు వెయ్యి, మీ మంచం మీద కాదు. రేపు పసిబిడ్డ వచ్చాక ఇద్దరినీ ఒకే పక్క మీద పండబెట్టకూడదు, నిద్రలో పెద్దది చిన్నదాని మీదికి దొర్లితే ప్రమాదం. దాని పాత మంచం పసిబిడ్డకు ఇవ్వాలనుకుంటే ఇప్పుడే మార్చు, కాన్పు ముందు రోజు లాగేయకు. నువ్వు బాత్‌రూంకి పోతున్నా దానికి చెప్పి పో, చెప్పినంతలో తిరిగి రా. కళ్లు కప్పి జారుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

హన్మకొండ_అమ్ములు
పరుపు వేశాను అక్కా. దాని దిండు అదే తెచ్చుకుని వేసుకుంది. మా ఆయనకు ఈ చర్చంతా చూపించా. అమ్మతో తనే మాట్లాడతానన్నాడు, ఇంకా ఫోన్ చేయలేదు.

సుబేదారి_సుధ
కాన్పు కోసం ఆసుపత్రిలో ఉన్న రాత్రులు పాప ఎవరి దగ్గర? అది ఇప్పుడే తేల్చుకో. ఆ పేరుతోనే ఊరికి తీసుకుపోతారు.

హన్మకొండ_అమ్ములు
మా అమ్మ భూపాలపల్లి నుంచి వచ్చి ఇక్కడే ఉంటానంది. అది తెలిసి అత్తమ్మ తనూ వస్తానంటోంది. ఇద్దరూ వస్తే పాప ఎవరి పక్కలో పండుకోవాలన్నది ఇంకో పంచాయితీ.