'అన్‌మెట్ నీడ్': తీరని అవసరమా, ఇంకా తీరని అవసరమా?

ఆరోగ్య కరపత్రాలను తెలుగు చేస్తున్న మిత్రులొకరు, 'అన్‌మెట్' అనే ఇంగ్లీషు విశేషణానికి "తీరని" అన్న మాట చాలునా అని అడిగారు. చాలాచోట్ల చాలుతుంది; చాలని చోటే మాట్లాడుకోవలసింది ఉంది.

ఇంగ్లీషులో 'మీట్' అంటే ఎదురుపడడమే కాదు, ఒక అవసరానికో షరతుకో తగినంత సమకూర్చడం కూడా. దానికి వ్యతిరేకమైన ఈ విశేషణం అవసరం, గిరాకీ, లక్ష్యం, షరతు వంటి, ఇంత కావాలన్న హద్దు ఉన్న వాటి పక్కనే ఎక్కువగా కనిపిస్తుంది. కలలకూ వాగ్దానాలకూ సాధారణంగా 'అన్‌ఫుల్‌ఫిల్డ్' వాడతారు. మనకైతే నామాన్ని బట్టి క్రియ మారుతుంది: అవసరం తీరుతుంది, లక్ష్యాన్ని చేరుకుంటాం, షరతు నెరవేరుతుంది. విశాఖ కార్మిక సంఘాల "పరిష్కారం కాని డిమాండ్ల"ను తెచ్చి ఆర్థికశాస్త్రంలోని డిమాండుకు తగిలిస్తే, పాపం, గిరాకీ ధర్నాకు కూర్చుంటుంది.

అసలు చిక్కు మన వ్యతిరేక విశేషణానికి కాలం లేకపోవడంలో ఉంది. "రాని బస్సు" అంటే నిన్న రానిదీ కావచ్చు, ఇక ఎన్నటికీ రానిదీ కావచ్చు. పైగా సంతాప సందేశాల్లోని "తీరని లోటు", కృతజ్ఞత చెప్పేటప్పటి "తీరని రుణం" వల్ల, "తీరని"కి ఎప్పటికీ తీరదన్న ఛాయ బలపడింది. మేఘాద్రి గెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయాల నీటిపై ఆధారపడిన మన విశాఖ నగరంలో ఒక శివారు కాలనీ గురించి "తీరని నీటి అవసరం" అని రాస్తే, అక్కడివారు పైపులైను కోసం ఎదురుచూడాలో, ఆశ వదులుకోవాలో బోధపడదు.

కుటుంబ నియంత్రణ లెక్కల్లో ఈ తేడా మరీ ముఖ్యం. ఇప్పట్లో గాని, అసలే గాని బిడ్డ వద్దనుకుంటూ, ఏ గర్భనిరోధక పద్ధతీ వాడని స్త్రీల అవసరాన్ని అక్కడ 'అన్‌మెట్ నీడ్' అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ఇది 2015–16లో 12.9 శాతం, 2019–21లో 9.4 శాతం. తగ్గుతున్నదాన్ని ఎన్నటికీ తీరనిదిగా ధ్వనింపజేయడం తగదు కనుక "ఇంకా తీరని అవసరం" అనడమే నాకు సబబుగా తోస్తుంది. "తీరని కోరిక" అయితే అసలే కుదరదు. ఆ స్త్రీ ఎవరినీ ఏమీ అడిగి ఉండకపోవచ్చు, ఆమె జవాబులను బట్టి అవసరాన్ని లెక్కగట్టింది సర్వేవారు.

మందుల రంగంలోని 'అన్‌మెట్ మెడికల్ నీడ్'కు మాత్రం విశేషణాన్ని పట్టుకు వేలాడకుండా, "సరైన చికిత్స ఇంకా లేని జబ్బులు" అని వాక్యం తిప్పి రాసుకోవడం మేలు.