పారిస్ నుంచి జ్యూరిక్‌కి రైల్లో: అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో ఎలా వెళ్తే మంచిది?

కూకట్‌పల్లి_నాన్న:
నమస్తే అండి. వచ్చే మే నెలలో యూరప్ వెళ్ళాలని అనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, మా అమ్మానాన్న. ముందు పారిస్, తర్వాత స్విట్జర్లాండ్. పారిస్ నుంచి జ్యూరిక్‌కి విమానం కన్నా రైలే మేలని చాలామంది చెప్పారు. జ్యూరిక్ నుంచి మళ్ళీ ఇంటర్‌లాకెన్ వెళ్ళాలి, హోటల్ అక్కడే బుక్ చేశాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. పెద్ద సూట్‌కేసులు నాలుగు ఉంటాయి. రైలు పాస్ తీసుకోవాలా, టికెట్లు విడిగా కొనాలా? పెద్దవాళ్ళతో, పిల్లలతో ఈ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పరూ.

బెర్న్_తెలుగు:
బస ఇంటర్‌లాకెన్‌లో అయితే జ్యూరిక్ దాకా పోవడం ఎందుకండీ? పారిస్‌లో ఎక్కే టీజీవీ లిరియా (ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మధ్య తిరిగే హైస్పీడ్ రైలు) దిజోన్, మ్యూలూజ్ మీదుగా స్విస్ సరిహద్దు ఊరు బాజెల్ వచ్చి, ఆ తర్వాతే జ్యూరిక్ వెళ్తుంది. పారిస్ నుంచి బాజెల్‌కి మూడు గంటలు, జ్యూరిక్‌కి నాలుగు. మీరు బాజెల్‌లో దిగి, ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌కి వెళ్ళే ఇంటర్‌సిటీ ఎక్కండి. బెర్న్, తూన్, ష్పీట్స్ మీదుగా దాదాపు రెండు గంటల్లో హోటల్ ఊరికి చేరతారు. రైలు మారేది ఒక్కసారే. జ్యూరిక్ పోయి వెనక్కి తిరిగితే గంట పైగా దండగ, చాలా రైళ్ళకి బెర్న్‌లో ఇంకోసారి సామాను దించి ఎక్కించాలి.

ఇక్కడ ఉండేవాళ్ళం కాబట్టి ఇంకో మాట. స్విట్జర్లాండ్ లోపల మామూలు రైళ్ళకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. టికెట్టో పాసో ఉంటే ఆ దారిలో ఏ రైలైనా ఎక్కొచ్చు. అందుకని బాజెల్‌లో ఒక రైలు తప్పిపోయినా టెన్షన్ పడకండి, గంటలోపు ఇంకోటి ఉంటుంది. కానీ ఫలానా రైలుకే అని తక్కువ ధరకి అమ్మే టికెట్ కొంటే మాత్రం ఈ సౌకర్యం ఉండదు. అవతలి నుంచి వచ్చే టీజీవీ ఆలస్యమైతే చిక్కే. పెద్దవాళ్ళతో వచ్చేటప్పుడు ఆ కాస్త ఆదా కోసం పోవద్దని నా సలహా.

డాలస్_బెజవాడ:
బెర్న్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. మేము నేరుగా జ్యూరిక్ వెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున ఇంటర్‌లాకెన్ వెళ్ళాం. ఎక్కిన రైలు ఆఖరి స్టేషన్‌లోనే దిగాలి కాబట్టి నింపాదిగా దిగొచ్చు. బాజెల్‌లో అలా కాదు. రైలు ఆగేలోపే నాలుగు పెట్టెలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు తలుపు దగ్గరుండాలి. ఓపిక లేనివాళ్ళకి ఒక రాత్రి విశ్రాంతి మంచిదే కదా.

బెర్న్_తెలుగు:
ఒక రాత్రి ఆగే ఉద్దేశం ఉంటే మీరన్నది సబబే. ఆగకపోతే బాజెలే. అక్కడ ప్లాట్‌ఫారాల మీదుగా పెద్ద వంతెన ఉంది, లిఫ్టులు, ఎస్కలేటర్లు రెండూ ఉన్నాయి. మారడానికి పది నిమిషాల కనెక్షన్ చూపించినా తీసుకోకండి. నలభై నిమిషాలు పెట్టుకుంటే అమ్మగారు లిఫ్ట్ కోసం నిలబడినా ఏం కాదు. రైలు మ్యూలూజ్ దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చడం మొదలుపెట్టండి.

హనుమకొండ_కోడలు:
మా అత్తగారిని తీసుకుని ఇదే రైల్లో వెళ్ళాం. మెట్ల గురించి అడిగారు కాబట్టి ముందు అది చెప్తాను. లిరియా రైళ్ళన్నీ రెండంతస్తులవి. బుక్ చేసేటప్పుడు కింది అంతస్తు, పై అంతస్తు అని అడుగుతుంది. తప్పకుండా కింది అంతస్తు ఎంచుకోండి. ఒక బోగీ నుంచి ఇంకో బోగీకి దారి మాత్రం పైనుంచే, టీ కాఫీలు అమ్మే బోగీకి వెళ్ళాలన్నా ఎక్కి దిగాలి. అది మీరో బాబో వెళ్ళి తెచ్చుకోవచ్చు, అమ్మగారు కదలక్కర్లేదు.

సీట్లు సగం రైలు వెళ్ళే దిక్కుకి, సగం వెనక్కి ఉంటాయి. వెనక్కి కూర్చుంటే తల తిరిగేవాళ్ళు ఉంటే ముందే చూసుకోండి. మధ్యలో బల్ల వేసి ఎదురెదురుగా నాలుగు సీట్లు ఉండేవి పిల్లలకి బాగుంటాయి. అన్నం పెట్టినా, బొమ్మలు గీయించినా ఆ బల్ల మీదే.

ప్లాట్‌ఫారం నంబరు రైలు బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు గానీ బోర్డు మీద వేయరు. వేయగానే జనమంతా ఒక్కసారిగా కదులుతారు. మీరు తొందరపడకండి, సీటు మీ పేరునే ఉంది. కానీ రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు, అది మాత్రం గుర్తుంచుకోండి. అత్తగారికి చక్రాల కుర్చీ సాయం కావాలని ముందే రాసి పెట్టాం. ఒక మనిషి వచ్చి రైలు దాకా తీసుకెళ్ళి ఎక్కించాడు, డబ్బులేం తీసుకోలేదు. కనీసం 24 గంటల ముందు చెప్పాలి. మొహమాటపడి ఇది వదులుకోకండి.

లియోన్_వైజాగ్:
ఫ్రాన్స్‌లో ఉంటున్నాను. ఈ రైలు పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. పారిస్‌లో పెద్ద స్టేషన్లు చాలా ఉన్నాయి, ఒక్కో దిక్కుకి ఒక్కోటి. టికెట్ మీద ఏ స్టేషన్ రాసుందో హోటల్ బుక్ చేసే ముందే చూడండి. ఆరుగురు, నాలుగు పెట్టెలతో మెట్రో వద్దండీ. చాలా స్టేషన్లలో లిఫ్టులు ఉండవు, జేబుదొంగలూ ఎక్కువే. వ్యాన్ టాక్సీ మాట్లాడుకోండి.

టికెట్ ధరలు విమానం టికెట్లలాగే రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి. మన ఐఆర్‌సీటీసీలో 60 రోజుల ముందు తెరుస్తారు కదా, ఇక్కడ నెలల ముందే అమ్మకం మొదలవుతుంది. వెయిటింగ్ లిస్టులు, ఆర్ఏసీలు ఉండవు. సీటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. మే నెలంటే ఇంకా జాగ్రత్త. 1, 8 తేదీలు ఇక్కడ సెలవులు, క్రైస్తవుల ఆరోహణ పండుగ గురువారం కూడా ఎక్కువగా ఆ నెలలోనే పడుతుంది. శుక్రవారం కలుపుకుని ఊళ్ళకి పోయేవాళ్ళతో రైళ్ళు కిక్కిరిసిపోతాయి. మంగళ, బుధవారాలు చూసుకుంటే ధరా తక్కువ, రద్దీ తక్కువ.

సమ్మెల గురించి విని ఉంటారు. నిజమే, జరుగుతుంటాయి. అయితే ముందే నోటీసు ఇస్తారు, ఏ రైలు నడుస్తుందో ముందురోజు సాయంత్రం 5 గంటలకల్లా యాప్‌లో తెలిసిపోతుంది. రైలు రద్దయితే డబ్బు వాపసైనా తీసుకోవచ్చు, ఇంకో రైల్లోనైనా వెళ్ళొచ్చు. గంట నుంచి రెండు గంటల్లోపు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ నిబంధన. ఇవన్నీ సులువుగా జరగాలంటే టికెట్ రైలు సంస్థ సొంత సైట్‌లోనే కొనండి. నేను ఒకసారి మధ్యవర్తి సైట్‌లో కొంటే, రద్దయిన రైలు డబ్బు కోసం వారాల తరబడి మెయిళ్ళు రాయాల్సి వచ్చింది.

ప్రతి పెట్టెకీ పేరు రాసిన చీటీ కట్టండి, ఫ్రాన్స్ రైళ్ళలో అది తప్పనిసరి. సామాను అరలు బోగీ మొదట్లో ఉంటాయి, త్వరగా నిండిపోతాయి.

కూకట్‌పల్లి_నాన్న:
అందరికీ చాలా థాంక్స్ అండి. బాజెల్ సంగతి ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పలేదు. మరి పాస్ విషయం? యూరైల్ పాస్ తీసుకుంటే అన్నీ కలిసొస్తాయని మా ఆఫీసులో ఒకాయన అంటున్నారు.

రైలుబండి:
మీ ప్రయాణానికి యూరైల్ దండగ. అది చాలా దేశాలు తిరిగేవాళ్ళకి. పైగా ఫ్రాన్స్ టీజీవీలకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరే డబ్బు కట్టాలి, పాస్ ఉన్నవాళ్ళకి కేటాయించే సీట్లు కూడా కొన్నే. పారిస్–బాజెల్‌కి మామూలు టికెట్ ముందుగా కొనేయండి. బాజెల్ నుంచి స్విస్ ట్రావెల్ పాస్ మొదలుపెట్టండి. రైళ్ళు, బస్సులు, పడవలు, ఊళ్ళలో ట్రాములు అన్నీ అందులో వస్తాయి. ఆరేళ్ళలోపు పాపకి టికెట్టే లేదు. బాబుకి స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితంగా అడిగి తీసుకోండి, 16 ఏళ్ళలోపు పిల్లలకి పాస్ ఉన్న అమ్మో నాన్నో వెంట ఉంటే చాలు, టికెట్ అక్కర్లేదు. తాతయ్య నానమ్మలతో మాత్రమే పంపితే అది చెల్లదు, ఆ సంగతి మర్చిపోవద్దు.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మంచు కనుమ పైకి వెళ్ళే రైలుకి ఈ పాస్ పూర్తిగా పనిచేయదు. దారిలోని గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ ఊరి వరకే, ఆ పైన తగ్గింపు ఇస్తారు. రిగి కొండకి మాత్రం పూర్తిగా చెల్లుతుంది. అమ్మానాన్న రోజూ తిరగలేరు, హోటల్లో కూర్చుని కొండలు చూస్తారు అనుకుంటే వాళ్ళిద్దరికీ పాస్ బదులు హాఫ్ ఫేర్ కార్డు లెక్కవేసి చూడండి. చాలావరకు టికెట్లు సగం ధరకి వస్తాయి, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌తో సహా.

గచ్చిబౌలి_జంట:
లోజాన్ మీదుగా మోంట్రో వెళ్ళి, అక్కడి నుంచి గోల్డెన్‌పాస్ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటర్‌లాకెన్ రావడం ఎవరూ చెప్పలేదేంటి? 2022 డిసెంబరు నుంచి మారకుండా నేరుగా నడుస్తోంది. స్వైజిమెన్‌లో మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్ కన్నా కాస్త చిన్నదైన స్టాండర్డ్ గేజ్‌కి రైలు చక్రాల మధ్య దూరమే మారిపోతుంది. బాబుకి అది చూపించాల్సిందే!

బెర్న్_తెలుగు:
ఆ రైలు అద్భుతం, కాదనను. కానీ నాలుగు సూట్‌కేసులతో, పారిస్ నుంచి వచ్చిన రోజే వద్దు. ఇంటర్‌లాకెన్‌లో స్థిరపడ్డాక, పాస్ ఎలాగూ ఉంటుంది, ఖాళీ చేతులతో ఒక రోజు వెళ్ళి రండి.

కిటికీ గురించి కూడా చెప్పాలి. పారిస్ నుంచి బాజెల్ వరకు మంచుకొండలు కనిపిస్తాయని ఆశపడకండి, అంతా పొలాలు, చిన్న ఊళ్ళు. రైలు గంటకి 300 కిలోమీటర్లు దాటి పోతుంటే అవీ నిలిచి కనబడవు. పిల్లల్ని అప్పుడు నిద్రపుచ్చండి. తూన్ దాటాక ఎడమ పక్కన సరస్సు మొదలవుతుంది. అప్పుడు లేపండి. బెర్న్‌లో రైలు వెనక్కి తిరిగి బయల్దేరుతుంది కాబట్టి బాజెల్‌లో ఎక్కేటప్పుడు కుడివైపు సీట్లు చూసుకోండి.

కడప_కారం:
తిండి మాట నేను చెప్తా. ఇంటి నుంచి చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పాలకోవా, నేతి మిఠాయిలు పెట్టుకోకండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, పట్టుకుంటే పారేయిస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, అటుకులు నిశ్చింతగా తెచ్చుకోండి, సీసా మూత మాత్రం గట్టిగా చూసుకోండి. పారిస్‌లో లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్ళు చాలా ఉన్నాయి. బయల్దేరే ముందు అక్కడ ఇడ్లీలు, సాంబారన్నం కట్టించుకుంటే పెద్దవాళ్ళకి దారిలో ఇబ్బంది ఉండదు. రైల్లో శాకాహారం పేరుకే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ఆదివారం ఊళ్ళో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తెరిచే ఉంటాయి. పాలు, పెరుగు అక్కడ దొరుకుతాయి.

హనుమకొండ_కోడలు:
పాస్‌పోర్టులు పెట్టెలో వేయకండి. రెండూ షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే) దేశాలే కాబట్టి సరిహద్దులో దించరు గానీ, బాజెల్ దగ్గర అధికారులు రైలెక్కి అడగొచ్చు. సిమ్ కార్డు యూరోపియన్ యూనియన్‌కి మాత్రమే అని ఉంటే స్విట్జర్లాండ్‌లో పనిచేయకపోవచ్చు, కొనేముందు దేశాల జాబితా చూడండి. ఛార్జర్లు రెండు పుల్లల సన్న పిన్నువైతే రెండు చోట్లా సరిపోతాయి. పారిస్‌లో కొన్న లావు అడాప్టరు స్విస్ ప్లగ్గులో దూరదు.

కూకట్‌పల్లి_నాన్న:
లిరియా బాజెల్ వరకు, మంగళవారం పొద్దున. బాజెల్‌లో నలభై నిమిషాలు. అక్కడి నుంచి మా ఇద్దరికీ ట్రావెల్ పాస్, అమ్మానాన్నకి హాఫ్ ఫేర్. ఇంకొక్కటి అడుగుతాను. నాలుగేళ్ళలోపు పాపని లిరియాలో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే టికెట్ లేదట. సీటు కొనాలా, వద్దా?

లియోన్_వైజాగ్:
కొనండి. మూడు గంటలు ఒళ్ళో మూడేళ్ళ పిల్లంటే మీకూ కష్టం, పాపకీ కష్టం. అమ్మగారి ఒళ్ళోకి చేరితే ఆవిడ మోకాళ్ళకి ఇంకా కష్టం. నాలుగు సీట్ల బల్ల ఒకటి, దాని పక్క వరసలో రెండు సీట్లు, అన్నీ కింది అంతస్తులోనే, ఒకే బుకింగ్‌లో తీసుకోండి. వేర్వేరుగా తీసుకుంటే బోగీలు మారిపోతాయి.