అప్‌డేట్: పెదనాన్న మౌనం అర్థం కావడానికి ఏ పుస్తకం చదవాలని అడిగాను కదా

1971 యుద్ధం గురించి ఆయన ఎన్నడూ నోరు విప్పలేదని రాశాను. మీరు చెప్పినవాటిలో, వియత్నాంలో సైనికుడిగా పనిచేసిన టిమ్ ఓబ్రయన్ 1990లో ప్రచురించిన 'ది థింగ్స్ దే క్యారీడ్' చదివాను.

అందులో నార్మన్ బౌకర్ అనే సైనికుడు యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చి, తండ్రి కారులో సరస్సు చుట్టూ పన్నెండుసార్లు తిరుగుతాడు. బురదలో కూరుకుపోతున్న స్నేహితుడి బూటు పట్టుకుని కూడా వదిలేశానని ఎవరికైనా చెప్పుకోవాలి, వినేవాళ్లు లేరు. తర్వాతి అధ్యాయంలో, ఆ తప్పు బౌకర్‌ది కాదు, నాదే అంటాడు కథకుడు. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

నిన్న పెదనాన్నకు ఈ కథంతా చెప్పాను.

"ఆ అబ్బాయి దొరికాడా?" అన్నారు.

"మర్నాడు వెతికి బయటికి తీశారు పెదనాన్నా."

తువ్వాలుతో ముఖం తుడుచుకుని, రేపు మళ్లీ రమ్మన్నారు.