చెరువు శిఖంలో జీపుల పోటీ పెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: చెరువుగట్టు

అన్నలందరికీ నమస్తే. మాది సిద్దిపేట దగ్గర పల్లె. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి మా దగ్గర పన్నెండు ఫోర్ బై ఫోర్ బండ్లున్నాయి: థార్‌లు, రెండు జిమ్నీలు, మా బాబాయి పాత మేజర్ జీపు. ఏప్రిల్‌లో చెరువు ఎండినాక శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) నాలుగెకరాలు, దాన్ని ఆనుకుని ఉన్న మా నాన్న రెండెకరాలు కలిపి ట్రాక్ వేద్దామనుకుంటున్నాం. ట్యాంకర్లతో నీళ్లు పోసి బురద గుంత చేస్తాం. తక్కువ టైములో దాటినవాళ్లకు బహుమతి. సర్పంచ్ గారు నోటిమాటగా సరేనన్నారు. రోడ్డు కాదు కదా, పర్మిషన్ ఎందుకని మావాళ్లు అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఊరంతా వస్తుంది, పిల్లలొస్తారు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: షెడ్డు మేస్త్రి

తమ్ముడూ, నువ్వు టెన్షన్ పడటంలో తప్పేం లేదు. ఇరవై రెండేళ్లుగా జీపుల షెడ్డు నడుపుతున్నాను. పోటీలకు రికవరీ బండి (ఇరుక్కున్న బండ్లను బయటికి లాగేది) తీసుకుని వెళ్తుంటాను.

ముందు "రోడ్డు కాదు కదా" అన్న మాట పక్కన పెట్టండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ రోడ్డు గురించి కాదు, పబ్లిక్ ప్లేస్ గురించి మాట్లాడుతుంది. జనానికి వచ్చిపోయే హక్కున్న ఏ చోటైనా అందులోకి వస్తుంది. శిఖంలో గొర్లు మేపుతారు, బట్టలుతుకుతారు, పక్క ఊరికి అడ్డదారిన నడుస్తారు. అక్కడ టైము పెట్టి బండ్లు తోలాలంటే రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేకుంటే తోలినవాళ్లకూ, తోలనిచ్చినవాళ్లకూ మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సర్పంచ్ గారు ఎంత మంచివారైనా ఆయన నోటిమాట అక్కడ చెల్లదు. పైగా చెరువులో గుంతలు తవ్వితే అది ఇంకో తలనొప్పి. శిఖం వదిలెయ్.

సొంత భూమైతే ఎవరడుగుతారని కూడా అనుకోకు. 2022లో కేరళలోని వాగమన్‌లో టీ తోటలో ఆఫ్‌రోడ్ పోటీ పెడితే, కలెక్టర్ ఆంక్షలు ఉండగా పెట్టారని కేసయింది. బండి తోలిన సినిమా నటుడికి కూడా నోటీసు వెళ్లింది. ఇక నిర్లక్ష్యం వల్ల ఎవరి ప్రాణమైనా పోతే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌కు నీ పొలమా, సర్కారు భూమా అన్న తేడా లేదు. ఐదేళ్ల దాకా శిక్ష.

బండి ఇన్సూరెన్స్ కాగితం తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న చోట చదువు. ఆర్గనైజ్డ్ రేసింగ్‌కూ, స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తించదని ఉంటుంది. నా షెడ్డుకొచ్చే వందమందిలో ఒక్కరు కూడా ఆ లైను చదివి ఉండరు. పోటీయే పెట్టాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు పోటీలను చూసుకునే సమాఖ్య) గుర్తింపు ఉన్న క్లబ్బును పట్టుకుని, వాళ్ల ద్వారా పర్మిట్ తీసుకుని, ఈవెంట్‌కు విడిగా ఇన్సూరెన్స్ చేయించాలి.

కాగితాల కన్నా నాకు ఎక్కువ భయం లాగుడు దగ్గర. ఆరేళ్ల కింద ఒక పోటీలో జీపు బురదలో పొట్ట ఆని నిలబడిపోయింది. నేను అవతలి గుంత దగ్గరున్నాను. నేను వచ్చేలోపే ఒక కుర్రాడు లాగే బెల్టును ముందు బండి వెనకున్న టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) తగిలించి లాగించాడు. బాల్ మెడ దగ్గర తెగింది. సాగిన బెల్టు దాన్ని వెనక్కి విసిరితే జీపు ముందు అద్దం పగిలి, అది వెనక సీటులో దిగబడింది. డ్రైవర్ ఆ క్షణాన గేరు చూసుకోవడానికి పక్కకు వంగాడు కాబట్టి బతికాడు. ఆ ఇనుప ముద్ద నా దగ్గరే ఉంది. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, అరకిలో పైనే తూగుతుంది. బెల్టులు కొనడానికి వచ్చే ప్రతి కుర్రాడి చేతిలో ముందు దాన్ని పెడతాను.

అందుకే టో బాల్‌కు ఎప్పుడూ తగిలించవద్దు. ఛాసిస్‌కు బిగించిన రికవరీ కొక్కేలకే తగిలించాలి. విన్చ్ (బండికి బిగించిన, తాడు చుట్టి లాగే యంత్రం) తాడు మీద తడి గోనెసంచి వెయ్యాలి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో జనాన్ని ఆపాలి. తొమ్మిది మీటర్ల బెల్టయితే పద్నాలుగు మీటర్లు. సెల్ఫీల కోసం దగ్గరికొస్తారు, లాగడం ఆపించు. అంబులెన్స్ ఎవరినైనా తీసుకుని వెళ్లిందంటే, అది తిరిగొచ్చేదాకా ఒక్క బండి కూడా కదలకూడదు.

జవాబు: బర్మింగ్‌హామ్ నుంచి వరంగల్ వాసి

మేస్త్రి గారి మాటకు ఒకటి కలుపుతాను. ఇక్కడ బ్రిటన్‌లోనూ రోడ్డు కాని బహిరంగ స్థలంలో ప్రమాదకరంగా తోలితే నేరమే. 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 13ఏ సెక్షన్ కింద అనుమతి ఉన్న ఈవెంట్‌లో, ఆ అనుమతి ప్రకారం తోలినవాళ్లకే మినహాయింపు. ఆ అనుమతి ఇచ్చే సంస్థలేవో 1995 నిబంధనల్లో పేర్లతో సహా ఉన్నాయి. నేను సెలవుల్లో పోటీల దగ్గర మార్షల్‌గా (ట్రాక్ పక్కన కాపలా ఉండే మనిషిగా) నిలబడతాను. జనం టేపు దాటితే ఎర్రజెండా ఎత్తుతాం, అందరూ ఆగిపోతారు. ఎవరూ వాదించరు.

అనుమతులున్నా జనాన్ని ఆపలేకపోతే ఏమవుతుందో 2019 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో చూశాం. జాతీయ ర్యాలీ నడుస్తుండగా మూసిన దారిలోకి ఒక బైకు వచ్చింది. తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ పోయారు. మీ ఊరి అడ్డదారులన్నిటికీ మనుషుల్ని పెట్టండి తమ్ముడూ, తాళ్లు కడితే సరిపోదు.

చెరువుగట్టు

అన్నా, రాత్రి అందరం కూర్చుని ఇవన్నీ చదువుకున్నాం. శిఖం మానేశాం. టైము, బహుమతి తీసేసి, నాన్న పొలంలో ఊరికే తోలుకుంటే సరిపోతుందా?

షెడ్డు మేస్త్రి

టైము తీసేయడం మంచి పని, సగం తొందర అక్కడే పోతుంది. అయినా స్టేషన్‌లో తేదీ, చోటు, బండ్ల నంబర్లతో లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకో. జవాబు రాతలో వచ్చేదాకా ట్యాంకర్లు చెప్పకు. హెల్మెట్, సీటు బెల్టు లేనివాళ్లను ట్రాక్‌లోకి రానివ్వకు. మేజర్‌కు రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లను కాపాడే ఇనుప పైపుల చట్రం) లేకపోతే దాన్ని గట్టు ఎక్కించొద్దు, బాబాయి కోప్పడినా సరే. నా బెల్టులు, కొక్కేలు నేనే తెస్తాను, డబ్బులేం వద్దు. ముందు ఆ మేజర్ వెనక కొక్కెం ఫోటో తీసి పెట్టు. ఛాసిస్‌కు బోల్టులేసి ఉందో, బంపర్‌కు వెల్డింగ్ చేసి వదిలేశారో కనపడేలా దగ్గరగా తియ్యి.