సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు సెట్టింగులు ఎక్కడ పెట్టాలె?

దేవరకొండ_లినక్స్:
నల్లగొండల మా కాలేజీ ల్యాబ్‌ను నేనే చూసుకుంటున్న. మిషన్లు అన్నీ ఒక్క తీరు లేవు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. సీఫ్లాగ్స్ (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లు), ప్రిఫిక్స్ (ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యే చోటు) అన్నీ బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిస్తే షెల్ చదివే సొంత సెట్టింగుల ఫైలు) ఒక్కసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోదా? ప్రతి ప్రాజెక్టులో మళ్లీ మళ్లీ రాసుడెందుకు?

పాలమూరు_టెర్మినల్:
సరిపోతది తమ్మీ. నేను ఎప్పటినుంచో గట్లనే చేస్తున్న. మార్చాలంటే ఒక్క ఫైలు.

మిర్యాలగూడ_మేక్:
అన్నా, అన్నిచోట్లా సరిపోదు. మేక్‌ఫైల్‌లో (బిల్డ్ ఎట్ల చెయ్యాలో మేక్ అనే టూల్‌కు చెప్పే ఫైలు) సీఫ్లాగ్స్ = -ఓ2 అని రాసి ఉంటే ఎన్విరాన్‌మెంట్‌ల, అంటే బాష్‌ఆర్‌సీ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి, నువ్వు పెట్టింది పక్కకు పోతది. మేక్‌కు కమాండ్‌లైన్‌ల ఇస్తే నీ మాట నెగ్గుతది. సీమేక్ (బిల్డ్ ఫైళ్లను తయారుచేసే ఇంకో టూల్) సంగతి ఇంకో తీరు. ఎన్విరాన్‌మెంట్‌ల సీఫ్లాగ్స్‌ను మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడే చూసి సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీలో దాచుకుంటది. తర్వాత బాష్‌ఆర్‌సీ ఎంత మార్చినా పాత బిల్డ్ డైరెక్టరీకి పట్టదు. పిల్లలు ఫ్లాగ్ మార్చిన, తేడా వస్తలేదని తలలు పట్టుకునేది ఇక్కడనే.

పాలమూరు_టెర్మినల్:
బిల్డ్ డైరెక్టరీ తీసేసి మళ్లీ చేస్తే అయిపాయె.

అచ్చంపేట_కెర్నల్:
అయిపోదు భాయ్, ఆయన ల్యాబ్ సంగతి మర్చిపోతున్నవ్. బాష్‌ఆర్‌సీలో -మార్చ్=నేటివ్ (బిల్డ్ చేసే మిషన్ ప్రాసెసర్‌కే తగ్గట్టు కోడ్ చెయ్యమనే ఫ్లాగ్) ఉండి కొత్త మిషన్ మీద బిల్డ్ చేసిండనుకో, ఆ బైనరీని (తయారైన ప్రోగ్రామ్‌ను) పాత మిషన్‌కు కాపీ చేస్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోవచ్చు. కారణం ఏ ఫైల్‌లనూ కనబడదు, ఒక్క మనిషి హోమ్ డైరెక్టరీలో తప్ప.

నా లెక్క ఇది. బయటికొచ్చే ప్రోగ్రామ్‌ను మార్చేది ఏదైనా ప్రాజెక్టుతో పాటే గిట్‌ల (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఉండాలె. సీమేక్ 3.19 నుంచి దానికే సీమేక్‌ప్రీసెట్స్.జేసన్ అనే సెట్టింగుల ఫైలు ఉన్నది. ఒక్క మిషన్‌కే సంబంధించిన పాత్‌లు సీమేక్‌యూజర్‌ప్రీసెట్స్.జేసన్‌లో రాసి, దాన్ని గిట్‌ఇగ్నోర్‌ల (గిట్ పట్టించుకోవద్దనే ఫైళ్ల జాబితా) పెట్టు. ఎన్ని జాబ్‌లు ఒక్కసారి నడవాలన్నది మాత్రం బాష్‌ఆర్‌సీలోనే ఉండనీ, దానితో బైనరీ మారదు.

దేవరకొండ_లినక్స్:
ఆటోకాన్ఫ్ ప్రాజెక్టులకు (./కాన్ఫిగర్ నడిపి బిల్డ్ చేసేవి) ప్రీసెట్లు లేవు గదా అన్నా?

అచ్చంపేట_కెర్నల్:
లేవు. కాన్ఫిగర్ కమాండ్‌ను చిన్న షెల్ స్క్రిప్ట్‌ల రాసి గిట్‌ల పెట్టు. ఎట్ల పిలిచినమో మర్చిపోతే ./కాన్ఫిగ్.స్టేటస్ --కాన్ఫిగ్ చెప్తది.

పాలమూరు_టెర్మినల్:
ల్యాబ్‌కు సరే, ఒప్పుకుంటున్న. నా ల్యాప్‌టాప్‌కు మాత్రం బాష్‌ఆర్‌సీనే. నా బైనరీలు నేనెవరికీ పంపను.

మిర్యాలగూడ_మేక్:
పంపకు అన్నా. కానీ బగ్ రిపోర్టు రాసిన రోజు కాన్ఫిగ్.లాగ్ (కాన్ఫిగర్ రాసుకున్న రికార్డు) జతచెయ్. లేకుంటే నీ ఫ్లాగుల పుణ్యమా అని వచ్చిన బగ్‌ను వాళ్లు వాళ్ల కోడ్‌ల వెతుక్కుంటరు.